కునుకు బాబాయ్ సన్మానం

"ఈయనకా సన్మానం? గుర్రుపెట్టి నిద్రపోతున్న ఈయనకా!"

సేవాసంఘం కార్యదర్శి గొంతు పెంచబోయింది. పాల అక్క గబుక్కున పెదవుల మీద వేలు పెట్టుకునేసరికి ఆ అరుపు కాస్తా గుసగుసైపోయింది.

మిల్లుకి వెళ్ళే తల్లులు పసిపిల్లల్ని వదిలిపెట్టే సంఘం కేంద్రం అది, ఒక్కటే గది. వీధిలోవాళ్ళే వంతులు వేసుకుని వచ్చి చూసుకుంటారు. పాల అక్క పాలు కాస్తుంది, ఒకరు ముక్కులు తుడుస్తారు, ఒకరు తడిసిన లాగులు ఆరేస్తారు. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం. నీలం తెరల్లోంచి వడకట్టినట్టు వస్తున్న వెలుగులో గదంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. మధ్యలో చాప మీద కునుకు బాబాయ్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఆయన బొజ్జ మీద ఒకడు, చంకలో ఒకర్తి, కాలు దిండు చేసుకుని ఇంకొకడు. మిగతా పిల్లలు చుట్టూ ఎక్కడివాళ్ళక్కడ వాలిపోయారు. ఫ్యాను కూడా నిద్రలోనే తిరుగుతున్నట్టుంది. చూస్తుంటే కార్యదర్శికే ఆవలింత వచ్చింది. వస్తే మాత్రం? మింగేసింది.

ఆదివారం సంఘం వార్షికోత్సవం. ఈ ఏటి ఉత్తమ సేవకుడెవరని ఎవరినడిగినా ఈయన పేరే చెప్పారు. సరే, అంత గొప్ప సేవేమిటో చూద్దామని వస్తే, ఇదీ సంగతి.

"అసలేం చేస్తారీయన?" గుసగుసగానే గద్దించింది.

"మధ్యాహ్నం వస్తారండీ. పడుకుంటారు."

"తర్వాత?"

"లేస్తారు. వెళ్తారు."

"ఓహో! అలాగైతే మా ఆయన్ని పంపిస్తాను. అంతకంటే గొప్ప సేవకుడు ఈ చుట్టుపక్కల దొరకడు!"

"నవ్వించకండమ్మా, పిల్లలు లేస్తారు. ఈయన పక్కనుంటే గానీ వీళ్ళు కన్ను మూయరు. నేను జోల పాడితే లేచి గంతులేస్తారు."

ఆ మాటలకి బాబాయ్ కళ్ళు తెరిచాడు. ఎదురుగా కార్యదర్శిని చూసి బెదిరిపోయాడు.

"నన్ను రావద్దంటారా అమ్మా?"

"సేవంటే నడుం వంచడం బాబాయ్ గారూ, నడుం వాల్చడం కాదు. రేపట్నుంచి ఇంట్లోనే పడుకోండి."

ఆయన బొజ్జ మీదివాణ్ణి మెల్లగా చాప మీదికి దించాడు. చంకలోని పిల్ల వేళ్ళు ఒక్కొక్కటిగా చొక్కా నుంచి విడిపించుకున్నాడు. చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ మొహం చూసి కార్యదర్శికి మనసు చివుక్కుమంది. కానీ పెద్దరికం అడ్డొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం పిల్లలు ఇల్లు పీకి పందిరేశారు.

పాల అక్క జోల పాడింది. గంతులేశారు. కార్యదర్శి కథ చెప్పింది. కళ్ళజోడు లాగేశారు. ఇక లాభం లేదని ఆవిడే చాప మీద నడుం వాల్చింది. ఒకడు వచ్చి కడుపు మీద కూర్చుని గుర్రం గుర్రం అన్నాడు. చంకలో పడుకునే పిల్ల మాత్రం ఎవరి జోలికీ పోలేదు. ఖాళీ చాప అంచున కూర్చుని, చిట్టి అరచేత్తో చాపని తడుతూ, మాటిమాటికీ గుమ్మం వైపు చూసింది. పాల అక్క పల్లెత్తు మాట అనలేదు. అంటేనే బాగుండేది.

సాయంత్రం కార్యదర్శి బాబాయ్ ఇంటికి వెళ్ళింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అనుకుంటాడేమోనని దారంతా సిగ్గుపడింది. ఆయన కిటికీ పక్కన కుర్చీలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"తప్పు నాదే బాబాయ్ గారూ. పసిపిల్లల్ని నిద్రపుచ్చడం ఎంత పనో తెలిసొచ్చింది. కావాలంటే నా నడుముని అడగండి! మీరు రేపు వచ్చెయ్యాలి."

"వస్తానమ్మా! తప్పకుండా వస్తాను!" ఆయన ఆత్రంగా లేచి నిలబడ్డాడు.

"ఆదివారం సన్మానం కూడా మీకే."

ఆ మాటకి మాత్రం తల అడ్డంగా ఊపాడు. "అది నాకొద్దు. నాకిస్తే అన్యాయం. దానికి అసలైనవాళ్ళు వేరే ఉన్నారు."

"ఎవరు?"

బాబాయ్ చెప్పాడు. మెల్లగా, ఎక్కడెక్కడో ఆగుతూ చెప్పాడు. కార్యదర్శి ముందు నోరు తెరిచింది, తర్వాత కళ్ళు తుడుచుకుంది.

ఆదివారం హాలు కిటకిటలాడింది. కార్యదర్శి మైకు ముందు నిలబడి గొంతు సవరించుకుంది.

"మన వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. భార్య పోయిన నాటి నుంచీ ఆయనకి కంటి మీద కునుకు లేదు. ఎందరికో చూపించుకున్నారు, ఎన్నో మందులు మింగారు. ఇంట్లో పక్క మీద వాలితే చాలు, గుండె దడట. అలాంటి మనిషిని దగ్గరికి తీసుకుని, పక్కన చోటిచ్చి, రోజూ జోకొట్టి నిద్రపుచ్చుతున్నవాళ్ళు మన కేంద్రంలోనే ఉన్నారు. ఒక్కనాడూ విసుక్కోలేదు. ఇది మా సేవ అని ఎవరితోనూ చెప్పుకోలేదు. ఈ ఏటి సన్మానం వాళ్ళకే!"

ముందు వరసలో బాబాయ్ అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టాడు. ఎవరో పెద్ద డాక్టర్లు కాబోలని జనం గుమ్మం వైపు మెడలు సాచారు.

వేదిక మెట్లు మరీ ఎత్తుగా ఉండటంతో, ఆ సేవకుల్ని ఒక్కొక్కరినే తల్లులు చంకనేసుకుని పైకి తీసుకురావాల్సి వచ్చింది.