వచ్చినవాడు

లేవబోయిన ఉదయ్ చెయ్యి పట్టుకుని ముసలావిడ మళ్ళీ సోఫాలో కూర్చోబెట్టింది. ముసలాయన వెళ్ళి వీధి తలుపు లాక్ చేసి, గొలుసు కూడా తగిలించి వచ్చాడు.

"చెన్ ఎప్పుడొస్తాడు?" ఉదయ్ ఇంగ్లీషులో అడిగాడు. అలా అడగడం నాలుగోసారి.

ఇద్దరూ నవ్వుతూ తలలూపారు. ఆవిడ గిన్నె అతని ముందుకు జరిపింది. వేడి పంచదార నీళ్ళలో తేలుతున్న కోడిగుడ్లు. అప్పటికే మూడు తిన్నాడు. "తిను" అందావిడ. చైనా భాషలో అతనికి తెలిసిన నాలుగు మాటల్లో అదొకటి.

ఆ పొద్దున్నే షాంఘై నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగాడు. చాండ్లర్‌లోని ఇంటికి వెళ్ళే విమానం సాయంత్రం. ఈలోగా ఫ్రీమాంట్‌లో పాత స్నేహితుడు చెన్‌ని చూసి వెళ్దామనుకున్నాడు. 'మా అత్తమామలు చైనా నుంచి వచ్చారు. మేము బయటికెళ్ళినా వాళ్ళుంటారు, వచ్చెయ్' అని చెన్ ముందే చెప్పాడు. ట్యాక్సీలో తూగుతూ వచ్చి, ఒకే రంగు వేసిన ఇళ్ళ వరసలో దిగి, సరిగ్గా పదింటికి బెల్ కొట్టాడు. తలుపు తీసిన ముసలివాళ్ళు అతన్ని చూడగానే రెండు చేతులూ పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు.

ముసలాయన ఇప్పుడు ఒక మూలకి వెళ్ళి ఎవరికో ఫోన్ చేశాడు. ఉదయ్‌నే చూస్తూ గుసగుసగా, ఆత్రంగా రెండు ముక్కలు చెప్పాడు. అవతల్నుంచి ఏ మాటా వచ్చినట్టు లేదు. ఆయన ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి, దానివంక చూసి, పెట్టేశాడు.

షాంఘైలో అప్పుడు అర్ధరాత్రి దాటింది. ఒళ్ళు ఇంకా ఆ టైములోనే ఉంది. ఎంత ఆపుకున్నా ఉదయ్ కళ్ళు మూతలు పడ్డాయి.

వీపు మీద ఏదో పాకినట్టయి మెలకువ వచ్చింది. ముసలావిడ టేపుతో అతని భుజాలు కొలుస్తోంది. కర్టెన్లన్నీ వేసేసి ఉన్నాయి. ముసలాయన మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కుర్చీ వేసుకుని, రెప్ప వెయ్యకుండా అతని ముఖమే చూస్తున్నాడు. గుమ్మం పక్కన విడిచిన బూట్లు అక్కడ లేవు.

ఆవిడ టేపు పక్కన పెట్టి ఒక ఫొటో తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. పాతికేళ్ళ చైనా అమ్మాయి. ఉదయ్ అరచెయ్యి పట్టుకుని ఆ ఫొటో మీద ఆనించి, పైన తన చెయ్యి వేసి నొక్కింది. ఆవిడ కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

ఈ అమ్మాయి చచ్చిపోయినట్టుంది అనుకున్నాడు ఉదయ్.

జేబులో ఫోన్ వణికింది. ఇంటి దగ్గర్నుంచి భార్య శ్రుతి.

"ఎక్కడున్నావ్?" అంది.

"చెన్ వాళ్ళింట్లో. వాళ్ళింకా రాలేదు. అత్తమామలు నన్ను కదలనివ్వట్లేదు. ఏదో తేడాగా ఉంది శ్రుతీ."

"చెన్ ఇప్పుడే నాకు కాల్ చేశాడు. లంచ్ రెడీ చేసుకుని నీకోసం వెయిట్ చేస్తున్నారంట. నువ్వు ఫోన్ ఎత్తట్లేదంట."

"ఎక్కడ వెయిట్ చేస్తున్నారు?"

"ఇంట్లోనే!"

"మరి వీళ్ళు..."

"వాళ్ళ అత్తమామలు అతని పక్కనే ఉన్నారు ఉదయ్. నాకు వాళ్ళ మాటలు వినిపించాయి. నువ్వు ఇంటి నెంబర్ చూశావా?"

"నిద్రమత్తులో... వన్ ఫార్టీ వన్ అనుకుంటా."

"వన్ ఫార్టీ సెవెన్! ముందు అక్కణ్ణుంచి బయటికొచ్చెయ్."

ఉదయ్ లేచాడు. ముసలివాళ్ళూ లేచారు. ఆవిడ చొక్కా చెయ్యి పట్టుకుంది. విదిలించుకుని తలుపు వైపు రెండడుగులు వేశాడు. అప్పుడే బెల్ మోగింది. ముసలాయన గబగబా వెళ్ళి గొలుసు తీశాడు.

గుమ్మంలో ఫొటోలోని అమ్మాయి నిలబడి ఉంది.

ఎక్కడినుంచో పరిగెత్తుకొచ్చినట్టు రొప్పుతోంది. ఉదయ్‌ని పైనుంచి కిందికి చూసింది. చేతిలోని తాళాలు జారి కిందపడ్డాయి.

"ఎవరు మీరు?" అంది ఇంగ్లీషులో.

"సారీ. ఇల్లు పొరబడ్డాను. నా ఫ్రెండ్ ఇల్లనుకుని వచ్చాను. మీరొకసారి వీళ్ళకి చెప్పండి, వెళ్ళిపోతాను."

ఆ అమ్మాయి వాళ్ళకేమీ చెప్పలేదు. ముసలావిడ ఉదయ్ వీపు నిమురుతూ కూతురితో సంతోషంగా ఏదో అంది.

"ఏమంటున్నారు?"

"పెళ్ళికి సూట్ కుట్టించడానికి కొలతలు తీసుకుందట."

"ఎవరి పెళ్ళికి?"

"నా పెళ్ళికి. నేను చేసుకోవాల్సిన అబ్బాయి ఇండియన్. వీళ్ళు అతన్ని ఎప్పుడూ చూడలేదు. ఇవాళ తీసుకొస్తానని చెప్పి పొద్దున్నే బయటికెళ్ళాను."

ఉదయ్ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. కొత్తల్లుడికి పెట్టే గుడ్లు, కొలతలు, కన్నీళ్ళు, వెళ్ళిపోకుండా దాచిన బూట్లు, అన్నీ ఇప్పుడు అర్థమయ్యాయి. నవ్వొచ్చింది.

"అదా సంగతి! నేను హడలి చచ్చాననుకోండి. మరి ఆయనేరీ? కార్లో ఉన్నారా?"

ఆ అమ్మాయి నవ్వలేదు. తల్లి వంక, తండ్రి వంక చూసింది. వాళ్ళిద్దరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. ఆమె గొంతు బాగా తగ్గించింది.

"అతని సంగతి వీళ్ళకి ఎలా చెప్పాలో ఎనిమిది నెలలుగా నాకు తెలియట్లేదు. నాన్న ఫోన్ చేసి, 'అతను వచ్చేశాడమ్మా, కూర్చుని తింటున్నాడు' అన్నప్పుడు, నేను అతని సమాధి దగ్గర ఉన్నాను."