పంపని కబురు

ఉలిగమ్మ కబురు పంపలేదు. అందుకే నీలావతి మొగుణ్ణి కలవరిస్తూ, కళ్ళారా చూసుకోకుండానే పోయింది. ఈ విషయంలో నీలావతి మొగుడు ఈరప్పకు రవ్వంత అనుమానం కూడా లేదు.

ఆ ఉలిగమ్మే ఇప్పుడు విసుర్రాయికి అటువైపు కూర్చుని ఉంది. అన్న పెళ్ళాం. అన్న పోయి చాలా కాలమైంది. కుడి చేయి ఒళ్ళో చచ్చుగా పడి ఉంది. మూతి ఒక పక్కకు లాగింది.

"చెప్పు వదినా. ఎందుకు కబురు పంపలే?"

"రాగులు," అంది ఉలిగమ్మ.

పక్షవాతం వచ్చిన నాటి నుంచి ఆమెకు మిగిలింది ఆ ఒక్క మాటే. దప్పికైనా రాగులే, చలేసినా రాగులే. ఔనన్నట్టు తలూపి కాదంటుంది, కాదన్నట్టు ఊపి ఔనంటుంది. హిందూపురం ఆసుపత్రిలో డాక్టరు ఆమె కొడుకు కదిరప్పకు విడమరిచి చెప్పాడు. మతి చెడలేదు, అన్నీ తెలుస్తాయి, బుర్రలో మాటలుండే చోట దెబ్బ తగిలింది. విసుక్కోకుండా మాట్లాడించాలి. పాటలు వస్తే పాడించాలి, మాట రానివాళ్ళకు కూడా ఒక్కోసారి పాట వస్తుంది.

ఊళ్ళోవాళ్ళు పావురం నెత్తురు పూయమన్నారు. ఈరప్ప మాత్రం డాక్టరు మాటే పట్టుకున్నాడు. మొగవాడు విసుర్రాయి ముందు కూర్చోవడం ఆ ఊరు ఎన్నడూ ఎరగదు. ఆయన కూర్చున్నాడు. వదిన ఎడమ చేతిని పిడి మీద పెట్టించి, తన చేయి కలిపి తిప్పాడు. రాయి నాలుగు చుట్లు తిరిగేసరికి ఆమె గొంతులోంచి విసురుపాట, ఒక్క మాటా పోకుండా, వచ్చేసింది. కదిరప్ప ఏడ్చాడు. ఈరప్ప ఏడవలేదు.

పక్కింటి చౌడక్క గోడ మీంచి తొంగి చూసింది. "ఏమబ్బా ఈరప్పా, రాగులు ఇసురుతాండావే! రేపు ముగ్గు గూడా ఏస్తావా ఏంది?"

"నీ వాకిట్లోనే ఏస్తాలే, పో."

"ఏమైనా గానీ, ఇన్నేండ్లకు నీ మనసు కరిగె. అదే సంతోషం."

"కరగలే. ఆయమ్మను అడగాల్సింది ఒకటుండాది. మాటొస్తేనే గదా చెప్పేది!"

నీలావతి పోయిన ఏడాది వానలు లేక ఈరప్ప ధర్మవరంలో రైల్వే గ్యాంగు పనికి పోయాడు. ఇంట్లో నీలావతి వారం రోజులు జ్వరంతో పడి ఉంది. పెనుకొండలో రైలెక్కితే ధర్మవరం పూట దూరం కూడా కాదు. వదిన ఒక మనిషిని పంపి ఉంటే చాలు. ప్రాణం పోయాకే పంపింది. ఎందుకని ఆ రోజే అడిగాడు. ఆమె తల దించుకుంది. అంతే, ఆమెతో మాట మానేశాడు. ఒకే వాకిలి, నడుమ మట్టి గోడ, ఐదేళ్ళు.

తప్పు చేసినవాళ్ళ మీద చేయెత్తే రకం కాదు ఈరప్ప. మాట మానేస్తాడు. అడక్కుండా ఎద్దుల్ని తమ్ముడి సేద్యానికి ఇచ్చిందని నీలావతితోనూ ఏడాది మాట్లాడలేదు. ధర్మవరం పోతున్నట్టు కూడా చెప్పలేదు. ఇంట్లో క్రమం ఉండాలంటే అట్లాగే ఉండాలని ఆయన లెక్క.

చలికాలం పోయేసరికి ఉలిగమ్మకు మాటలు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. ఎద్దు. కొడుకు. వాన. సగం వంకర, సగం తిన్నగా. వచ్చిన ప్రతి మాటకూ ఈరప్ప తలూపేవాడు. ఆ వెంటనే తన ప్రశ్న అడిగేవాడు. అడిగినప్పుడల్లా ఆమె చూపు నేలకు దిగేది.

"రాగులు."

ఒకనాటి మధ్యాహ్నం ఆయనకు ఓపిక చచ్చిపోయింది. రాయి ఆపేశాడు.

"నిన్న సంగటి అంటివి. పొద్దున కదిరప్పను పేరు పెట్టి పిలిస్తివి. నేనడిగితేనే రాగులా? నీకు మాట రాక కాదు, చెప్పకూడదని!"

ఆమె పిడి మీంచి చేయి తీసేసింది.

"మర్చిపోతివా? నా మీద కోపమా? నీలావతి మీద కుళ్ళా? ఏదో ఒకటి చెప్పు. తిట్టనులే."

"వద్దు," అంది ఉలిగమ్మ. ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు.

"ఏంది వద్దు? చెప్పకుంటే రేపట్నుంచి రాను. ఈ గోడ దాటను. నువ్వు ఆడ, నేను ఈడ. ఇంగ నీతో మాట్లాడేవాడు ఉండడు. ఉన్న నాలుగు మాటలూ పోయి మళ్ళీ రాగులే అనుకుంటా పడుండు."

లేచాడు. ఉలిగమ్మ ఎడమ చేత్తో ఆయన పంచె పట్టుకుంది. కళ్ళలో భయం. నోరు తెరిచింది, మూసింది. మెడ నరాలు ఉబ్బాయి. ఒక్కో అక్షరం రాతి కింద నుంచి లాగుతున్నట్టు లాగింది. ఈరప్ప వంగి, చెవి ఆమె నోటి దగ్గర పెట్టాడు.

కదిరప్ప గడ్డిమోపు వాకిట్లో పడేసి పరుగున వచ్చాడు. "అమ్మ మాట్లాడె! గొంతు వింటి! ఏమనె చిన్నాయనా?"

ఈరప్ప పంచె విడిపించుకోలేదు. మెల్లగా మళ్ళీ రాయి ముందు కూలబడ్డాడు.

"నువ్వడిగిందానికి చెప్పిందా?"

"చెప్పె."

"ఏమని?"

"ఆ మాట ఈడికే సరి. నువ్వు అడగొద్దు. నేను చెప్పను. కాటికి పోయేదాకా చెప్పను."

పిడి పట్టుకున్నాడు. చేయి తిరగలేదు. కదిరప్ప తల్లి వైపు చూశాడు. ఆమె ఏదో తప్పు చేసినదానిలా మరిది ముఖంలోకే చూస్తోంది.

ఆమె చెప్పింది ఇంతే: "నీలావతే పిలవద్దనింది."