ఒక్కటే సీటు

"సీటు ఒక్కటే స్వాతీ. పరీక్షలో యర్రయ్య గారే ఫస్టు. ఆయనకే వచ్చింది."

డిపార్ట్‌మెంట్ హెడ్ రమాదేవి మేడం మాటకు స్వాతికి ఒళ్లు మండిపోయింది.

పోర్ట్‌బ్లెయిర్‌లోని ఆ కాలేజీలో పీహెచ్‌డీ పెట్టడం ఇదే మొదలు. ఆ మొదటి సీటు కాస్తా అరవై దాటిన రిటైర్డ్ మాస్టారికా?

ఎమ్మెస్సీ అయినప్పటినుంచీ, మెయిన్‌లాండ్ నుంచి వచ్చే రీసెర్చి వాళ్ల వెనకాల సముద్రంలోంచి తీసిన పగడాల శాంపిల్ డబ్బాలు మోస్తోంది తను. డబ్బాలు పట్టుకెళ్లినవాళ్లు డాక్టర్లయ్యారు. మోసిన మనిషి ఇక్కడే మిగిలిపోయింది.

చాతం జెట్టీలో, అవతలి ఒడ్డు బాంబూఫ్లాట్‌కి వెళ్లే ఫెర్రీ కోసం నిలబడ్డ యర్రయ్య కనిపించాడు. పరీక్ష రోజున చూసిన మొహమే.

స్వాతి తిన్నగా వెళ్లి అడిగేసింది.

"పింఛను వస్తోంది కదా మాస్టారూ. ఈ వయసులో మీకు పీహెచ్‌డీ దేనికి?"

"ఎప్పటినుంచో చదవాలని ఉంది బేటీ."

"మీ సరదా కోసం నా బతుకు పోవాలా? ఫెర్రీలో పెద్దవాళ్లకి లేచి సీటిస్తాం. చదువులో కూడా లేచి నిలబడమంటే ఎలాగండీ?"

పక్కనున్నవాళ్లు తిరిగి చూశారు. యర్రయ్యకు కోపం రాలేదు.

"మెయిన్‌లాండ్‌లో ట్రై చెయ్యలేదా?"

"అమ్మకి డయాలసిస్. ఎవరి మీద వదిలి వెళ్లను?"

ఫెర్రీ వచ్చి జెట్టీ దగ్గర ఆగింది.

"సహీ బాత్ బేటీ, నువ్వన్నది నిజమే," అని ఆయన ఎక్కేశాడు.

వారం తిరక్కుండా సీటు స్వాతికి వచ్చింది. మాస్టారు తప్పుకున్నాడట.

సిగ్గేసి ఉంటుందిలే అనుకుంది స్వాతి. కనీసం థాంక్స్ చెబుదామని కూడా అనిపించలేదు.

మరుసటి వానాకాలంలో యర్రయ్య పోయాడని కబురొచ్చింది.

రమాదేవి మేడం కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకుంటుంటే స్వాతికి వింతగా తోచింది.

"మీకు చుట్టమా మేడం?"

"కాదు."

"మరి..?"

మేడం తలెత్తి చూసింది. ఆ చూపులో దుఃఖం కన్నా కోపమే ఎక్కువ ఉంది.

"రీసెర్చి చెయ్యాలంటే మెయిన్‌లాండ్ పొండి, ఇక్కడ పెట్టం అని పైవాళ్లు అంటే, వయసంతా కోర్టు చుట్టూ తిరిగి నీ సీటు ఈ దీవులకి తెచ్చింది ఆయనే."