ఇటు తిరిగి చెప్పండి

మాస్టారు బోర్డు మీద ఎగిరే బంతిని గీస్తూ యానిమేషన్ పాఠం చెబుతున్నారు. నేలను తాకగానే బంతి ఎలా నొక్కుకుపోవాలో, పైకి లేస్తూ ఎలా సాగాలో వివరిస్తున్నారు.

“ఇటు తిరిగి చెప్పండి మాస్టారూ,” అంది మొదటి వరుసలోని అమ్మాయి.

“బొమ్మ చూడమ్మా, నా మొహంలో ఏముంది?” అన్నారాయన. క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు. ఆయన ఇటు తిరిగేదాకా పెన్సిల్ ముట్టుకోలేదు.

ఆ రోజే ఆమెకు మహారాణి అని పేరు పెట్టేశారు. పేరుకు తగ్గట్టే ఉండేది మరి. వెనక నుంచి ఎంత పిలిచినా పలికేది కాదు. నలుగురూ ఒకేసారి మాట్లాడితే లేచి వెళ్లిపోయేది. అంత పొగరు పనికిరాదని ఒకడు మొహం మీదే అనేశాడు.

“మొహం మీద అనేవాళ్లంటేనే నాకిష్టం,” అంది.

పొగరు సంగతి ఎలా ఉన్నా పనికి మాత్రం వంక పెట్టడానికి లేదు. దూకే ముందు మోకాళ్లు వంగాలి, కొట్టే ముందు చెయ్యి వెనక్కి పోవాలి, ఏ కదలికకైనా ముందొక సన్నాహం ఉండాలని మాస్టారు చెప్పారు. మహారాణి ఇంటికెళ్లి వాళ్లమ్మను కుర్చీలోంచి లేపి, కూర్చోబెట్టి, మళ్లీ లేపి గీసుకుంది. పాపం, ఆవిడ నడుము పట్టేసింది.

“ఇంకెన్నిసార్లు లేపుతావే? అది సరే, వాళ్లకి సంగతి చెప్పెయ్యి. ఎన్నాళ్లు దాస్తావు?” అంది వాళ్లమ్మ.

“చెప్పను. ఇదివరకు చెప్పిన ప్రతిచోటా గుమ్మంలోంచే పంపించేశారు. ముందు నా పని చూడాలి. నన్ను తర్వాత చూడొచ్చు.”

శిక్షణ చివర్లో పరీక్ష పెట్టారు. నెగ్గిన ఒక్కరికే స్టూడియోలో ఉద్యోగం. పరీక్షకిచ్చిన సన్నివేశంలో అడవి తగలబడుతుంటే జంతువులన్నీ పారిపోతుంటాయి. ఒక ముసలి తాబేలు మాత్రం, “మీరెళ్లండి. నేనిక్కడే ఉంటా,” అంటుంది. ఆ మాటలకు తగ్గట్టు తాబేలు నోరు కదపాలి. తాబేలుకు గొంతిచ్చిన డబ్బింగ్ ఆవిడ రికార్డునూ, ఏ అక్షరం ఏ ఫ్రేములో పడుతుందో రాసిన చార్టునూ అందరికీ ఇచ్చారు.

“ఆవిణ్ణి పిలిపించండి,” అంది మహారాణి. “నా ఎదురుగా నిలబడి ఆ మాటలు చెప్పాలి.”

మాస్టారికి ఒళ్లు మండింది. “రికార్డు ఇచ్చాం కదా. నువ్వు పిలిస్తే రావడానికి ఆవిడేమన్నా ఖాళీగా కూర్చుందా?”

“రాకపోతే నేనే వాళ్లింటికి వెళ్తాను. అడ్రసివ్వండి.”

వెనక్కి తగ్గేలా లేదు. గొడవ వదిలిపోతుందని మాస్టారు ఫోన్ చేశారు. డబ్బింగ్ ఆవిడ వచ్చి ఆ రెండు ముక్కలూ చెప్పింది. మళ్లీ చెప్పమంటే విసుక్కోకుండా చెప్పింది. మహారాణి రెప్ప వెయ్యకుండా చూసి, కాగితాల మీదికి వంగింది.

పరీక్ష రోజు తెర మీద అందరి తాబేళ్లూ చక్కగా మాట్లాడాయి. ఒక్క అక్షరం తప్పిపోలేదు. మహారాణి తాబేలు మాత్రం “మీరెళ్లండి” అన్నాక నోరు తెరిచింది. ఏమీ అనలేక మూసేసింది. గుటక మింగింది. ఆ తర్వాత “నేనిక్కడే ఉంటా” అంది. చూడ్డానికి వచ్చిన డబ్బింగ్ ఆవిడ అది తన గుటకేనని గుర్తుపట్టి కళ్లు తుడుచుకుంది.

ఉద్యోగం మహారాణికేనని మాస్టారు అక్కడికక్కడే ప్రకటించారు. కానీ ఆయనకు ఒక అనుమానం తీరలేదు. ఆమె ఎదురుగా వచ్చి కుర్చీ లాక్కున్నారు.

“ఆ గుటక రికార్డులో ఎక్కడా లేదు. మళ్లీ వేసుకుని చూశాను. ఇంతకీ ఆ రికార్డు నువ్వు ఒక్కసారైనా విన్నావా?”

“ముందు మీరు చెప్పండి. ఉద్యోగం నాదేగా?”

“నీదే. నలుగురిలో చెప్పాక మాట తప్పుతానా?”

“అయితే వినండి మాస్టారూ, చిన్నప్పుడు జ్వరమొచ్చి చెవులు పోయిన దగ్గర్నుంచీ నేనసలు ఏదీ వినలేదు.”