ఎవరి తప్పయితే వాళ్ల టీ

"మళ్లీ పోయిందక్కా," అన్నాడు ఖియెమ్. స్క్రీన్ మీద సీటు అమ్ముడైనట్టే ఉంది. కొన్న మనిషి పేరు మాత్రం లేదు. అవతల రేవులో దీవికి వెళ్లే పడవ ఆగిపోయింది. పేరు లేదని ఎక్కనివ్వకపోయేసరికి జనం గొడవ పడుతున్నారు.

టికెట్ల ప్రోగ్రాంలో ఆ తప్పు ఎవరు రాశారో సాయంత్రంలోగా తేలాలనీ, వాళ్లను ఇంటికి పంపేస్తాననీ డైరెక్టర్ బాక్ పొద్దున్నే చెప్పాడు. ఆయనకు కోడ్ చదవడం రాదు. కోపం మాత్రం బాగా వస్తుంది.

ఖియెమ్ ఆ దనాంగ్ ఆఫీసుకు కొత్త. టీమ్ లీడ్ ఉయెన్ కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది.

"పైన ట్రాన్సాక్షన్ గుర్తు పెట్టే ఉంది. సీటూ పేరూ పడితే రెండూ పడాలి, లేకపోతే రెండూ పోవాలి. సగం ఎలా మిగిలింది?" అని అడిగాడు ఖియెమ్.

"గుర్తు పెట్టేసి నిద్రపోతే ఎలా తమ్ముడూ? కిందికి వెళ్లు. ఎర్రర్‌ను పట్టుకున్న చోట ఆగు."

దొంగ అక్కడే ఉన్నాడు. పేరు పొడవై గడిలో పట్టనప్పుడు వచ్చే ఎర్రర్‌ను ఎవరో పట్టుకుని, పైకి చెప్పకుండా మింగేశారు. అంతా సవ్యంగా జరిగిందనుకుని డేటాబేస్ సగం పనినే ఖాయం చేసేసింది. ఆమె చెబుతుంటే ఖియెమ్ ఎర్రర్‌ను పైకి వదిలాడు, గడి పెంచాడు. కాసేపటికి పడవ కదిలిందని ఫోనొచ్చింది. ఇంత చూపున్న మనిషిని అతను ఎక్కడా చూడలేదు.

బాక్ వచ్చి, ఎవరి పని ఇది అని అడిగాడు.

"నాదే," అంది ఉయెన్.

"మీరు కాబట్టి ఇంటికి పంపడం లేదు. రేపటి నుంచి లీడ్ మాత్రం మీరు కాదు."

ఆమె సరేనని తలూపి, అందరికీ పాల టీ తెప్పించింది. తప్పు ఎవరిదైతే వాళ్లే టీ ఇప్పించాలన్నది ఆ టీమ్ ఆచారం. ఖియెమ్ చేరిన నాటి నుంచీ ప్రతిసారీ ఆమే ఇప్పిస్తోంది.

పక్క బల్ల దగ్గర పనిచేసే లోక్ టీ ముట్టలేదు. ఈమధ్యే తండ్రయినవాడు, అలసిపోయి ఉంటాడనుకుని ఖియెమ్ అతని దగ్గరికి జరిగాడు.

"ఒప్పుకోవడానికి గుండె ధైర్యం కావాలన్నా. అక్కంటే నాకు గౌరవమే. కానీ ఇన్ని తప్పులు రాసే మనిషిని ఇన్నాళ్లూ లీడ్‌గా ఎలా ఉంచారు?"

లోక్ తలెత్తలేదు.

"ఈ ప్రోగ్రాంలో అక్క రాసిన లైను ఒక్కటీ లేదు."