ఎక్కదన్న సిస్టమ్

"ఇందులో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కదండీ. తయారుచేసిన కంపెనీవాళ్ళే చేతులెత్తేశారు," అంటూ రిపేరు షాపాయన ఆ బుల్లి ల్యాప్‌టాప్‌ను బల్ల మీద వెనక్కి తోశాడు. చచ్చిన కంప్యూటర్లను బతికిస్తాడని వీధిలో అందరూ ఆయన్ని డాక్టరు అంటారు.

ఎదురుగా నిలబడ్డ బస్సు డ్రైవరు దాన్ని మళ్ళీ ముందుకు తోశాడు. "అంతమాట అనకండి డాక్టరు గారూ. సాయంత్రం నాలుగింటికి మా ఆవిడకి ఉద్యోగం పరీక్ష. చెవిలో మాటలు వినిపిస్తుంటే తప్పుల్లేకుండా టైపు చెయ్యాలి. పాత సిస్టమ్‌లో ఆ పరీక్ష అసలు తెరుచుకోవడమే లేదు. ఇది తప్పిపోతే మళ్ళీ ఏడాది ఆగాలి."

"దానికేం, నా దగ్గర మంచిది ఇంకోటుంది. ఈ పూటకి పట్టుకెళ్ళండి."

"వద్దండీ. ఆవిడ వేళ్ళకి ఈ కీబోర్డే అలవాటు. మూడేళ్ళుగా దీనిమీదే నేర్చుకుంది. మా ఆవిడ టైపు కొడుతుంటే రేకుల మీద వాన పడుతున్నట్టే ఉంటుంది. పక్కింటివాళ్ళు పని మానుకుని మరీ వచ్చి చూస్తారు!" చెబుతుంటే అతని ఛాతీ రెండంగుళాలు పొంగింది.

డాక్టరుకు నవ్వొచ్చింది. పెళ్ళాన్ని ఇంత బాహాటంగా మెచ్చుకునే మగవాణ్ణి తన షాపులో చూడటం అదే మొదలు. "సరే, మూడింటికి రండి. మాట మాత్రం ఇవ్వను," అన్నాడు.

ఇవ్వనన్నాడు గానీ, డ్రైవరు మెట్లు దిగకముందే మిగతా పనులన్నీ పక్కన పడేశాడు.

పేరుకే అది ల్యాప్‌టాప్. బడిపిల్లల పలకకు అన్నలాంటిది. కారుచౌక సరుకు, మెమరీ చిటికెడు. పెన్‌డ్రైవ్ పెట్టగానే, ఈ యంత్రానికి ఈ సిస్టమ్ పనికిరాదని మొహం మీదే చెప్పింది. అర్హతలు చూసే ఆ భాగాన్నే తప్పించి డాక్టరు దొడ్డిదారిన లోపలికి వెళ్ళాడు. చోటు చాలదంది. అక్కర్లేని సరంజామా అంతా పీకి పారేశాడు. సగం ఎక్కి బిగుసుకుపోయింది. పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టాడు. ఇంటినుంచి తెచ్చుకున్న క్యారేజీ మూత కూడా తియ్యలేదు.

రెండున్నరకు నూటికి నూరు పడింది. సౌండు వచ్చింది, షాపు వైఫై కలిసింది, ప్రతి కీ పలికింది. ఉదయం నుంచీ తిట్టిన యంత్రం మీద ఆయనకు ఉన్నట్టుండి ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది. "నీ దుంపతెగ! పిట్ట కొంచెం కూత ఘనం అంటే నువ్వే," అని దాని వీపు తట్టాడు.

తట్టిన వేళావిశేషమో ఏమో, ఆఖరుసారి ఆపి మళ్ళీ వెయ్యగానే తెర నల్లబడిపోయింది. టింగుమని శబ్దం మాత్రం వచ్చింది. ఆపి వేశాడు. మళ్ళీ అంతే. బయటి మానిటర్ తగిలించాడు. అదీ బొగ్గే. తనకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగించేసరికి గోడ గడియారం మూడు దాటింది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది.

భర్త చెయ్యి పట్టుకుని వచ్చి ఆమె స్టూలు మీద కూర్చుంది. డాక్టరు తలెత్తి ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

"అయిపోయిందాండీ?"

"ఎక్కడమైతే ఎక్కిందమ్మా, కానీ..."

ఆ 'కానీ' ఆమె వినిపించుకోనేలేదు. "ఎక్కిందా! నాలుగు షాపులవాళ్ళు మావల్ల కాదన్నారండీ!" అంటూ ల్యాప్‌టాప్‌ను దగ్గరికి లాక్కుని, ఊరెళ్ళొచ్చిన బిడ్డను తడిమినట్టు తడిమింది. ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుంది. మూడు కీలు ఒక్కసారే నొక్కింది. ఒక్క క్షణం ఆగి విన్నది. ఆ తర్వాత వేళ్ళు పరుగందుకున్నాయి.

డ్రైవరు చెప్పినదాంట్లో అణువంత అబద్ధం లేదు. ఆ వేగం చూస్తూ డాక్టరు కొయ్యబారిపోయాడు. కానీ తెర మీద ఏదీ? తన మనసు కష్టపెట్టడం ఇష్టంలేక ఉత్తుత్తిగా కొడుతోందేమో అనుకున్నాడు. ఎంత మంచిదో పాపం అని జాలిపడ్డాడు.

"మీ ఈమెయిలు చెప్పండి," అందామె చేతులు ఆపకుండా.

ఎందుకో అర్థంకాకపోయినా చెప్పాడు. అరనిమిషంలో జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు. 'డాక్టరు గారూ, మీరు బతికించిన మిషన్ నుంచి ఇదే మొదటి ఉత్తరం. అందరూ కాదన్న పని చేసి చూపించారు. నేను పరీక్షకు సిద్ధం. మీ చేతులకు దండం.' ఒక్క అక్షరం తప్పు పోలేదు.

డాక్టరుకు ఒళ్ళు గగుర్పొడిచింది. ముప్పై ఏళ్ళుగా కంప్యూటర్లతోనే బతుకుతున్నాడు, ఇలాంటి పనితనం ఎక్కడా చూసి ఎరగడు. అప్రయత్నంగా రెండు చేతులూ జోడించాడు.

"దండం మీకు పెట్టాలమ్మా, నాకు కాదు. దాచి ఏం లాభం, నేను ఓడిపోయాను. తెర రాలేదు. అందులో ఏమీ కనిపించడం లేదు కదా, ఇంత ఉత్తరం ఎలా పంపారు తల్లీ?"

ఆమె వేళ్ళు ఆగాయి. భర్త వైపు మొహం తిప్పింది. అతను ముసిముసిగా నవ్వుతున్నాడు. ఆమె, కొట్టిన ప్రతి అక్షరాన్నీ చదివి వినిపిస్తున్న ఇయర్‌ఫోన్లు తీసి, లేవడానికి అతని చెయ్యి కోసం గాల్లో వెతుక్కుంటూ అంది:

"నాకెప్పుడు కనిపించింది గనకండీ!"