దొంగచాటు దిల్‌పసంద్

బరువు చూసే మెషీన్ మీద సంతోషి ఎక్కగానే డాక్టర్ సూర్యప్రభ నుదురు చిట్లించింది.

"మళ్ళీ పెరిగిందమ్మా! నేను చెప్పిన తిండే పెడుతున్నారా?"

"దేవుని తోడు డాక్టరమ్మా," అంది తల్లి జ్యోతిక. "పొద్దుగాల జొన్నరొట్టె, రాత్రికి కూరగాయలు. చక్కెర డబ్బానే ఇంట్లకెళ్ళి తీసేసిన. నా బిడ్డతోపాటు మేమందరం సప్పటి చాయ్ తాగుతున్నం."

"అయితే ఎవరో చాటుగా పెడుతున్నారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళకి ఒళ్ళు తొందరగా వస్తుంది, తగ్గడమే కష్టం. థైరాయిడ్‌కి మందులు వాడుతూనే ఉన్నాం. ఇప్పుడు షుగరూ వచ్చింది. నిద్రలో ఊపిరి ఆగిపోతోంది. ఇలాగే సాగితే పిల్ల మీకు దక్కదు."

పక్కనే ఉన్న తండ్రి మహిపాల్ తల దించుకున్నాడు. ఆ ఎవరో తనే. బాటసింగారం మార్కెట్‌లో హమాలీ పని దిగి, ఎల్బీనగర్ ట్రైనింగ్ సెంటర్ నుంచి ఇరవై రెండేళ్ళ కూతుర్ని బండెక్కించుకుని, రోజూ దిల్‌సుఖ్‌నగర్‌లో బేకరీ ముందు ఆపుతాడు. పొద్దంతా పండ్ల పెట్టెలు మోసే మనిషికి పిల్లకో పండు పెడదామని మాత్రం తోచదు. తియ్యటి కొబ్బరి కూరిన దిల్‌పసంద్ ముక్క, పైన ఒక క్రీమ్ బన్ను! తిన్నాక రుమాలుతో దాని మూతి తుడిచి, "అమ్మకు చెప్పకు బిడ్డా" అంటాడు. సంతోషి ఎన్నడూ చెప్పలేదు.

జ్యోతిక చూపు మూల కూర్చున్న అత్త మీదికి పోయింది.

"అత్తమ్మా, నువ్వేనా?"

"నేనా!" లచ్చమ్మ అదిరిపడింది. "మనుమరాలి మీద ఒట్టు. ఒక్క చక్కెర పలుకు పెట్టలే. ఓరి మహిపాల్, నువ్వన్న చెప్పురా!"

మహిపాల్ మొహం తిప్పుకున్నాడు. జ్యోతిక అత్త మీదే విరుచుకుపడింది.

"ఇంట్ల నువ్వుగాక ఇంకెవరున్నరు? నా బిడ్డను నీ చేతులతోనే చంపుతవా?"

ముసలామె కొంగు నోట్లో కుక్కుకుంది. "నన్ను ఊరికి పంపియ్‌రా కొడుకా. నేను లేకుంటే పిల్ల బాగైతదంటే రేపే పోత."

తప్పు తనది, నింద తల్లికి. మహిపాల్ సిగ్గుతో చచ్చిపోయాడు.

"అమ్మను అనకు. నేనే. రోజూ బేకరీల తినిపిస్తున్న."

జ్యోతిక నమ్మలేనట్టు చూసింది. "అన్నీ ఎరికె ఉండి ఎందుకయ్యా?"

"గా రొట్టె ముక్క ముంగటేసుకొని కూసుంటే దాని మొఖం చూడలేకపోతున్న. అన్నిట్ల తక్కువ చేసిండు దేవుడు. తిండికి గూడ మనం తక్కువ చెయ్యాల్నా? బేకరీ కాడ ఎంత సంబురంగ తింటదో నీకేం తెలుసు..." మిగతా మాటలు ఏడుపులో కలిసిపోయాయి.

గదిలో ఇందరు ఇన్ని మాటలన్నారు గానీ, తినే మనిషిని ఎవరూ అడగలేదు. డాక్టరే సంతోషిని దగ్గరికి పిలిచింది.

"బేకరీవంటే అంత ఇష్టమా తల్లీ?"

సంతోషి అడ్డంగా తలూపింది. "ఇష్టం లేదు. కడుపు నొస్తది."

"మరెందుకు తింటున్నావు?"

సంతోషి వెళ్ళి తన చున్నీతో తండ్రి కళ్ళు తుడిచింది. ఆ తర్వాత డాక్టర్ వైపు తిరిగి, ఒక్కో మాటా కూడదీసుకుంటూ చెప్పింది.

"నేను తినకుంటే... నాయిన ఏడుస్తడు."